ప్రార్థన కాదు అయ్యగారూ, మీ నీడ



మే నెల రాగానే మా సంఘంలో వీబీఎస్ జరుగుతుందని మీకు తెలుసు. పది రోజులు పాటలు, బైబిలు కథలు, కంఠత వాక్యాలు, చివరి రోజు బహుమతులు, పులిహోర పొట్లాలు. ఈ ఏడు అది ముగిసిన మరుసటి సోమవారమే మేము ఆరుగురు పిల్లలను వెంటబెట్టుకొని పుప్పాలగూడకు ప్రయాణమయ్యాము. అక్కడ ఒక అపార్టుమెంటులో వేసవి సెలవులకు పిల్లల చేత చిన్న చిన్న రోబోలు చేయించి, వాటికి ప్రోగ్రాము వ్రాయడం నేర్పిస్తున్నారు. ఆ శిబిరం నడిపే సహోదరి నగరంలోని ఒక సంఘంలో విశ్వాసి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పది రోజులు సెలవు పెట్టి ఈ పని చేస్తున్నది. "మీ ఊరి పిల్లలకు ఆరు సీట్లు ఉంచుతాను అయ్యగారూ. ఫీజు అక్కరలేదు, మీరు తీసుకొని వస్తే చాలు" అని తానే ఫోను చేసింది.

మేము వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివినవాళ్లం. కంప్యూటరుతో మాకున్న సంబంధం పాటల పుస్తకం టైపు చేయించుకోవడం వరకే. రోబోల గురించి ఎవరికైనా నేర్పేంత మాకు తెలియదు. అయినా ఆ పది రోజుల్లో మా పరిచర్యలో ఉన్న ఒక తప్పు మాకు కనబడింది. దాన్ని మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

చేవెళ్ల దగ్గర బస్సెక్కితే బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్లు తోడు వస్తాయి. మొయినాబాదు దాటి, అప్పా జంక్షన్‌లో దిగి, నార్సింగి మీదుగా ఆటోలో పుప్పాలగూడ చేరాలి. ముగ్గురు ఆడపిల్లలకు, మా ఇంటావిడకు జీరో టికెట్. మగపిల్లలకు, మాకు డబ్బుల టికెట్. దారి పొడవునా ఆడపిల్లలు ఆ టికెట్లు చూపించి మగపిల్లలను ఏడిపిస్తూనే ఉన్నారు.

పుప్పాలగూడ మాకు కొత్త కాదు. ఒకప్పుడు బండరాళ్ల గుట్టల మధ్య ఉన్న పల్లె అది. తర్వాత మణికొండ పురపాలక సంఘంలో కలిసింది. ఒక పక్క ఔటర్ రింగు రోడ్డు, ఒక పక్క ఐటీ కంపెనీలు వచ్చాక ఆ గుట్టలను పగలగొట్టి మేడలు లేపారు. మెడ పూర్తిగా వెనక్కి వంచితే గాని పై అంతస్తు కనబడదు. మా సంఘంలోని కొన్ని కుటుంబాలు ఊళ్లో పనులు అయిపోగానే అక్కడికే వలస పోతాయి. ఇటుకలు మోస్తారు, సెంట్రింగు కొడతారు, టైల్స్ పరుస్తారు. నెలకు ఒక ఆదివారం సాయంత్రం మేము వెళ్లి వాళ్ల రేకుల షెడ్లలో ప్రార్థన కూటం పెట్టి వస్తాము. అందుచేత ఆ మేడలను మేము ఎప్పుడూ రోడ్డు మీద నుంచే చూశాము. గేటు లోపలికి వెళ్లడం ఇదే మొదటిసారి.

ఆరుగురు పిల్లల్లో ఐదుగురి పేర్లు మేమే వ్రాశాము. వీబీఎస్‌లో బహుమతులు తెచ్చుకున్నవాళ్లు, చురుకైనవాళ్లు. ఆరో పేరు మా ఇంటావిడ వ్రాసింది. పన్నెండేళ్ల పిల్లవాడు, నాయనమ్మ దగ్గర ఉంటాడు. తల్లిదండ్రులు పుప్పాలగూడలోనే బిల్డింగు పనిలో ఉన్నారు. "వాడికి ఏం వస్తుంది? నోరు కూడా విప్పడు" అన్నాము మేము. "పది రోజులు అమ్మానాన్నల దగ్గరికన్నా పోయి వస్తాడు గదండీ" అంది ఆమె. ఆ మాటకు మేము ఎదురు చెప్పలేదు.

శిబిరం క్లబ్‌హౌస్ పై అంతస్తు హాలులో. ఒక వైపు గోడకు బదులు నిలువెత్తు అద్దాలు. ఫ్లాటుల పిల్లలు, మా పిల్లలు కలిపి ముగ్గురేసి చొప్పున జట్లు చేశారు. ప్రతి జట్టుకూ ఒక అట్టపెట్టె. అందులో పారదర్శకమైన ప్లాస్టిక్ పలక ఒకటి, పసుపుపచ్చ మోటార్లు రెండు, చక్రాలు రెండు, ముందు ఆనడానికి గుండ్రంగా తిరిగే చిన్న చక్రం ఒకటి, బ్యాటరీలు, రంగురంగుల వైర్లు, అరచేతిలో పట్టే నీలిరంగు బోర్డు ఒకటి. ఆ బోర్డు పేరు ఆర్డుయినో. 2005లో ఇటలీ దేశంలో ఇవ్రియా అనే ఊళ్లో, ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థులు కూడా తక్కువ ఖర్చుతో యంత్రాలు చేసుకోవాలని దీన్ని తయారు చేశారట. దాని నమూనా ఎవరూ దాచుకోలేదు, ఎవరైనా చేసుకోవచ్చని బయటపెట్టేశారు. అందుకే ఈనాడు మన ఊరి పిల్లల చేతికి కూడా కొన్ని వందల రూపాయల్లో దొరుకుతున్నది. ఉచితంగా పొందినదాన్ని ఉచితంగా ఇవ్వమని మేము ఎన్నో ప్రసంగాలు చేశాము గాని, దాన్ని ఒక బోర్డు రూపంలో చూస్తామనుకోలేదు.

మొదటి రోజు మోటార్లు బిగించి నడిపించాలి. మావాడి జట్టులో ఫ్లాటులో ఉండే ఒక అమ్మాయి, ఒక బాబు ఉన్నారు. వాళ్లిద్దరే చకచకా బిగించారు. మావాడు చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు. స్విచ్ వేయగానే బండి ముందుకు పోకుండా ఉన్నచోటనే గానుగెద్దులాగా గిరగిరా తిరిగింది. పిల్లలందరూ నవ్వారు. మావాడు మాత్రం రెండడుగులు వెనక్కి వేసి అన్నాడు: "నేను ముట్టుకోలే అయ్యగారూ. నిజంగ నేను ముట్టుకోలే."

ఎవరూ వాడిని అడగలేదు. ఎవరూ వాడి వైపు కూడా చూడలేదు. వాడు మాత్రం మా వైపే చూస్తున్నాడు.

ఆ సహోదరి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "భలే తిరుగుతోందే! రెండు చక్రాలూ ఒకే వైపు పోతున్నాయా, ఎదురెదురుగా పోతున్నాయా?" అని అడిగింది. వంగి చూస్తే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతున్నది. ఒక మోటారుకు రెండు వైర్లు తారుమారుగా తగిలించారు. అటుది ఇటు, ఇటుది అటు మార్చగానే బండి తిన్నగా పోయింది. ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. ప్రతి జట్టుకూ ఒక నోటుబుక్కు ఇచ్చింది. అందులో మూడు గళ్లు. మొదటి గడిలో "మనం ఏం చెప్పాం", రెండో గడిలో "అది ఏం చేసింది", మూడో గడిలో "ఎందుకు". ఏ జట్టు పుస్తకంలో ఎక్కువ తప్పులు రాసి ఉంటే ఆ జట్టు ఎక్కువ పని చేసినట్టు లెక్క అని చెప్పింది. మేము ఆ మాట విని లోలోపల నొచ్చుకున్నాము. తప్పులు లెక్కపెట్టి మెచ్చుకోవడమేమిటి అనిపించింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆమెను అదే అడిగాము. ఆమె ఒక సంగతి చెప్పింది. అమెరికాలో సీమర్ పాపెర్ట్ అనే పండితుడు ఉండేవాడు. పిల్లల కోసం 1967లో లోగో అనే కంప్యూటరు భాషను తయారు చేసినవారిలో ఆయన ఒకడు. ఆ భాషలో ఆజ్ఞలిస్తే నేల మీద పాకుతూ గీతలు గీసే తాబేలు వంటి యంత్రం కూడా చేశారు. పిల్లలు ఆ తాబేలుతో ఆడుకుంటుంటే ఆయన ఒకటి గమనించాడు. బడిలో లెక్క తప్పితే పిల్లవాడు ఆ కాగితం దాచేస్తాడు. తాబేలు తప్పుదారి పట్టితే మాత్రం అదే పిల్లవాడు దాని వెంటబడి ఎక్కడ తప్పిందో వెదుకుతాడు. ప్రోగ్రాము వ్రాసేవాళ్లెవరికీ మొదటిసారే సరిగా రాదు. తప్పును వెదికి సరిచేయడమే అక్కడ రోజువారీ పని. తప్పు చేశాననే సిగ్గు పోతే పిల్లవాడు నేర్చుకోవడానికి భయపడడని ఆయన 1980లో ఒక పుస్తకమే వ్రాశాడు.

ఆ మాటలు వింటుంటే మాకు "నేను ముట్టుకోలే" అన్న మాట మళ్లీ చెవిలో పడింది. పోయిన ఏటి వీబీఎస్ గుర్తుకొచ్చింది.

ప్రియులారా, ఇక్కడ దాచకుండా చెప్పాలి. పోయిన ఏడు కంఠత వాక్యం 23వ కీర్తన. ముగింపు కూటానికి ముందు రోజు, దాదాపు అరవైమంది పిల్లల ముందు ఒక్కొక్కరి చేత చెప్పించాము. ఈ పిల్లవాడు మూడు వచనాలు బాగానే చెప్పాడు. నాలుగో వచనం దగ్గర ఆగిపోయాడు. మళ్లీ మొదలుపెట్టమన్నాము. మళ్లీ అక్కడే ఆగాడు. మూడోసారీ అంతే. "నీ తలకాయలో మెదడుందా, మట్టి ఉందా?" అని అడిగి, మిగతావాళ్లందరూ చెప్పేదాకా గోడకుర్చీ వేయించాము. పిల్లలు నవ్వారు, మేము ఆపలేదు. "మేము" అని వ్రాయడం మాకు అలవాటు. ఆ వేళ ఆ మాట అన్న నోరు మాత్రం ఒక్కటే.

వాడు తర్వాత కూడా సండే స్కూలుకు వచ్చేవాడు. చివరి వరుసలో కూర్చునేవాడు. అందరూ పాడితే పెదవులు కదిలించేవాడు. ప్రశ్న అడిగితే తల దించుకునేవాడు. మేము దాన్ని క్రమశిక్షణ అనుకున్నాము. "వాడిప్పుడు బాగా అణకువ నేర్చుకున్నాడు" అని వాడి నాయనమ్మతో అన్నాము కూడా.

మూడో రోజు ఉదయం సహోదరి పిల్లలకు రోబో అనే పేరు ఎక్కడిదో చెప్పింది. కారెల్ చాపెక్ అనే చెక్ రచయిత 1920లో ఒక నాటకం వ్రాశాడు. అందులో మనుషుల పనులన్నీ చేయడానికి కర్మాగారంలో తయారు చేసిన కృత్రిమ మనుషులుంటారు. వాళ్లకు ఏం పేరు పెట్టాలో తోచకపోతే, చిత్రకారుడైన ఆయన అన్న యోసెఫ్ ఈ మాట అందించాడు. చెక్ భాషలో "రోబోటా" అంటే జమీందారుకు కూలి లేకుండా చేసి తీరవలసిన పని. "తెలుగులో దాన్ని ఏమంటారో ఎవరికైనా తెలుసా?" అని ఆమె అడిగింది. ఫ్లాటుల పిల్లలకు తెలియలేదు. మావాడు తల దించుకొనే, నేలతో చెబుతున్నట్టుగా, "వెట్టి" అన్నాడు.

"నీకెట్ల తెలుసు?" అని ఆమె అడిగితే, "మా నాయనమ్మ చెప్తది" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు. మిగతాది మాకు తెలుసు. ఆ నాయనమ్మ మామగారు నిజాం కాలంలో దొర గడీలో వెట్టి చేసినవాడు. పిలిస్తే పోవాలి, చెప్పింది చేయాలి, ఎందుకని అడగకూడదు. తెలంగాణలో 1946 నుంచి 1951 దాకా నడిచిన పోరాటంలో పల్లెలు తిరగబడిన వాటిలో ఈ వెట్టిచాకిరి ఒకటి. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లో. నిర్గమకాండంలో ఫరో ఇశ్రాయేలీయుల చేత ఇటుకలు చేయించిన సంగతి చదివినప్పుడల్లా ఆ ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది. మన తెలుగు బైబిలులో అక్కడ వాడిన మాట కూడా వెట్టిపనులే.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక మేము ఆ మాటనే తలపోశాము. మా బస ఒక చిన్న సంఘం వారి అద్దె హాలులో. కూలరు గాలి ఒక పక్కకే వస్తున్నది, పిల్లలందరూ నిద్రలోనే ఆ పక్కకు జరిగిపోయారు. దేవుడు తన ప్రజలను వెట్టి నుంచి విడిపించాడని ప్రతి ఏడూ మేమే బోధిస్తున్నాము. ఆ బోధ వినే పిల్లల నుంచి మేము ఏం కోరుతున్నాము? చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పాలి. ఆగకూడదు, అడగకూడదు. ఆగితే గోడకుర్చీ. యేసు ప్రభువు తన శిష్యులను ఇకమీదట దాసులని పిలవనని, స్నేహితులని పిలిచిన సంగతి యోహాను సువార్త 15వ అధ్యాయంలో ఉన్నది. దాసుడికి యజమాని మనసు తెలియదు, స్నేహితుడికి తెలుస్తుంది అన్నది ఆయన చెప్పిన తేడా. ఆ అధ్యాయం మీద మేము డిప్లొమా పరీక్షలో నాలుగు పేజీలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాము.

తర్వాతి రోజుల్లో పిల్లలు సెన్సార్లు తగిలించారు. రెండు కళ్లలా ఉండే ఒక సెన్సారు మన చెవికి వినబడని శబ్దాన్ని పంపి, అది ఎదురుగా ఉన్న గోడకు తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. చిన్న గబ్బిలాలు చీకట్లో చేసే పనే ఇది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది గనుక, మీటరు దూరంలో ఉన్న గోడ దగ్గరికి పోయి రావడానికి సెకనులో వెయ్యో వంతులు ఆరు కూడా పట్టవు. పోయిన దూరం, వచ్చిన దూరం రెండూ కలిసి ఉంటాయి కాబట్టి రెండుతో భాగించాలి. ఒక జట్టు భాగించడం మరిచిపోయింది. వాళ్ల బండి గోడ ఇంకా రెండింతల దూరం ఉందనుకొని పోయి గుద్దుకుంది. అది కూడా నోటుబుక్కులో ఎక్కింది. బండి మాత్రం చెప్పింది చెప్పినట్టే చేసింది. ఆజ్ఞ తప్పని దానికి తెలియదు, ఎందుకని అడగడానికి దానికి నోరు లేదు.

ఏడో రోజు గీత వెంట నడిచే బండి. తెల్లని నేల మీద నల్లటి ఇన్సులేషన్ టేపు అంటించాలి. ఇంత పెద్ద తెల్లని నేల ఎక్కడిదని వాళ్లు ఆలోచిస్తుంటే, మేము మా సంచిలో నుంచి పాత ఫ్లెక్సీ తీశాము. రాత్రుళ్లు పిల్లల కింద పరచడానికి తెచ్చింది. మూడేళ్ల కిందటి సువార్త కూటాల ఫ్లెక్సీ, ముందు వైపు మా నిలువెత్తు ఫొటో. వెనక వైపు తెలుపు. దాన్ని బోర్లా పరిచి, వంకరలు తిరిగే దారి ఒకటి టేపుతో వేశారు. పిల్లలు మా ముఖం మీద బండ్లు తోలుతున్నారని మా ఇంటావిడ చాలాసేపు నవ్వింది.

బండి అడుగున రెండు చిన్న సెన్సార్లు ఉంటాయి. అవి కంటికి కనబడని పరారుణ కాంతిని నేల మీదికి వేస్తాయి. తెలుపు మీద పడితే కాంతి తిరిగి వస్తుంది, నలుపు మీద పడితే రాదు. కుడి సెన్సారుకు నలుపు తగిలితే బండి కుడికి తిరగాలి, ఎడమ సెన్సారుకు తగిలితే ఎడమకు. ఉదయమంతా మావాడి జట్టు బండి చక్కగా నడిచింది. సాయంత్రం నాలుగు గంటలయ్యేసరికి ఒక వంకర దగ్గరికి రాగానే గీత వదిలేసి నేరుగా పోసాగింది. ప్రోగ్రాము చూశారు, ఏమీ మార్చలేదు. వైర్లు చూశారు, గట్టిగానే ఉన్నాయి. బ్యాటరీలు మార్చారు, అదే తీరు. ఫ్లాటు అమ్మాయికి ఏడుపు వచ్చినంత పనైంది.

సంగతేమిటో చూద్దామని మేము వెళ్లి ఆ వంకర పక్కన నిలబడ్డాము. బండి వచ్చింది, చక్కగా తిరిగింది, గీత వెంట పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేము కూర్చోవడానికి వెళ్లగానే మళ్లీ తప్పింది. మళ్లీ వచ్చి నిలబడితే మళ్లీ సరిగ్గా పోయింది. మా పిల్లల్లో ఒకడు "అయ్యగారు ప్రార్థన చేస్తుండ్రు, అందుకే పోతుంది" అని అరిచాడు. ఫ్లాటుల పిల్లలు కూడా నవ్వుతూ "ప్రేయర్ పవర్" అన్నారు. మాకు లోపల కొంచెం సంతోషం కలిగిందని ఒప్పుకుంటున్నాము. మేము ప్రార్థన చేయలేదు. అయినా, కాదని మా నోటితో చెప్పలేదు.

అప్పుడు మావాడు మా ముందుకు వచ్చాడు. నేల మీద కూర్చొని, ఫ్లెక్సీని చూశాడు, అద్దాలను చూశాడు, మా కాళ్ల దగ్గర చూశాడు. తర్వాత తలెత్తి మా ముఖంలోకి చూస్తూ అన్నాడు:

"ప్రార్థన కాదు అయ్యగారూ. మీ నీడ."

హాలులో నవ్వులు ఆగిపోయాయి. మా పిల్లలు మా వైపు భయంగా చూశారు.

"కొంచెం పక్కకు జరుగుండ్రి అయ్యగారూ" అన్నాడు. జరిగాము. ఎండ గీత మీద పడింది, బండి తప్పింది. "ఇప్పుడు రాండ్రి." వచ్చాము, నీడ పడింది, బండి తిరిగింది. మూడుసార్లు అలా జరిపించి, మూడుసార్లు రప్పించి, నోటుబుక్కు తీసుకొని మూడో గడిలో తన వంకర అక్షరాలతో "ఎండ" అని వ్రాశాడు. ఆ పుస్తకంలో వాడు వ్రాసిన మొదటి మాట అదే.

సహోదరి వచ్చి వివరించింది. ఎండలో కూడా కంటికి కనబడని పరారుణ కాంతి చాలా ఉంటుంది. పడమటి అద్దాల నుంచి ఎండ సూటిగా గీత మీద పడితే, సెన్సారుకు నల్ల టేపు కూడా తెల్లగానే తోస్తుంది. అది చూసేదల్లా తెలుపే అయినప్పుడు ఆజ్ఞ ప్రకారం నేరుగా పోతుంది. ఎవరి తప్పూ కాదు. పరదా లాగితే సరిపోతుంది అంది. మావాడు పరదా లాగి ఊరుకోలేదు. బిస్కెట్ డబ్బా అట్ట కత్తిరించి సెన్సార్ల చుట్టూ చిన్న గొడుగులా అంటించాడు. మేకలు కాసేవాళ్లు కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొని చూస్తారు చూడండి, అలా. పరదా తీసినా బండి పోయింది.

ఏడాదిగా తల దించుకున్న పిల్లవాడు మా మాటను కాదన్నది ఆ రోజే. మేము గోడకుర్చీ వేయించిన పిల్లవాడే నలుగురి ముందు మమ్మల్ని పక్కకు జరగమన్నాడు. వాడు చెప్పినట్టు మేము జరిగాము. జరగకపోయి ఉంటే ఆ రోజు ఎంతమంది పిల్లలు ఒక అబద్ధాన్ని దేవుని పేరు మీద నమ్మి ఇంటికి పోయేవారో!

రాత్రి వాడిని మేడ మెట్ల మీద కూర్చోబెట్టుకొని మాట్లాడాము. "పోయిన ఏడు నిన్ను అందరి ముందు ఆ మాట అన్నాను బిడ్డా. అది తప్పు. నన్ను క్షమించు" అన్నాము. పిల్లవాడు ఏమంటాడో అని చాలా ప్రార్థన చేసుకొని అడిగాము. వాడు మెట్టు మీది సున్నం గోటితో గీకుతూ కూర్చున్నాడు. చివరికి, "నాలుగో వచనం నాకు వస్తుండె అయ్యగారూ. మీరు చూస్తుంటే మర్చిపోయిన" అన్నాడు. క్షమించానని అనలేదు. మేమూ రెట్టించి అడగలేదు.

చివరి రోజు సాయంత్రం ప్రదర్శన. వాడి తల్లిదండ్రులను సహోదరి పేరు పెట్టి పిలిపించింది. పని దిగి నేరుగా వచ్చారు, బట్టల మీద సిమెంటు దుమ్ము ఇంకా ఉంది. హాలులో కుర్చీలున్నా గోడ వారనే నిలబడ్డారు. ఆ తల్లి అద్దాలలో నుంచి ఎదురుగా లేస్తున్న మేడను మాకు చూపించి, "ఆ పదకొండో అంతస్తు దాక మేమే ఎక్కించినమయ్యగారూ ఇటుకలు" అని చెప్పింది. కొడుకు బండిని తెచ్చి ఫ్లెక్సీ మీద వదిలాడు. అది గీత వెంట మలుపులన్నీ తిరిగి వచ్చింది. ఎందుకు తిరుగుతుందో, అట్ట గొడుగు ఎందుకో వాడు తల్లికి చెప్పాడు. అంత సేపు వాడు మాట్లాడగా మేము ఎన్నడూ వినలేదు.

తల్లి అంతా విని, "ఇది ఇటుకలు మోస్తదా?" అని అడిగింది.

"ఇది చిన్నదమ్మా, మొయ్యది."

"పెద్దది చేస్తే?"

వాడు సహోదరి వైపు చూశాడు. ఆమె మా వైపు చూసింది. అబద్ధం ఆడలేక, "మోస్తుందమ్మా. కొన్నిచోట్ల ఇప్పటికే అట్లాంటివి చేస్తున్నారు" అంది. తల్లి తల ఊపింది. భర్త ముఖం చూసింది. మళ్లీ ఆ బండిని చూస్తూ, "అయితే నువ్వు చేసేటోనివైతే మంచిగుండు" అంది.

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ఫరో ఇటుకల నుంచి విడుదల కోరి ప్రార్థించిన మేమే, ఈ ఇటుకల పని పోతే ఆ కుటుంబానికి అన్నమెట్లా అని కూడా ప్రార్థించవలసి ఉన్నది. పుప్పాలగూడకు కూతవేటు దూరంలో, రాయదుర్గంలో టీ-వర్క్స్ అనే పెద్ద కేంద్రం ఉన్నది. ఆలోచన ఉన్నవాళ్లు యంత్రాల నమూనాలు చేసుకోవడానికి దాన్ని 2023 మార్చిలో తెరిచారు. ప్రభుత్వం వారు 2016లో మొదలుపెట్టిన పథకం కింద చాలా బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి. ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి పిల్లల వరకు ఇలాంటి పనులు అక్కడ నేర్చుకోవచ్చు. ఆ తలుపుల లోపలికి మన పిల్లలు కూడా వెళ్లాలంటే, ఎదుటివాడు ఎంత పెద్దవాడైనా సరే, "ఇది ఇట్ల కాదు" అని చెప్పగలిగే ధైర్యం ముందు కావాలి. ఆ ధైర్యాన్ని చిన్నప్పుడే తుంచేస్తున్నది ఎవరో మనల్ని మనం పరీక్షించుకోవాలి. మా మట్టుకు మేము పరీక్షించుకున్నాము, దోషులుగా దొరికాము.

ఊరికి తిరిగి వచ్చాక సంఘ పెద్దలతో మాట్లాడాము. వచ్చే వీబీఎస్‌లో కంఠత వాక్యం ఉంటుంది, గోడకుర్చీ ఉండదు. వాక్యం చెప్పిన తర్వాత ప్రతి పిల్లవాడూ దాని గురించి ఒక ప్రశ్న అడగాలి. ఒక పెద్దాయన, "పిల్లలకు భయం లేకుంటే చర్చిల నిలుస్తరా అయ్యగారూ?" అన్నాడు. ఆయన ఆందోళన మాకు అర్థమైంది. మేమూ ఇరవై ఏళ్లు అలాగే అనుకున్నాము. ఒక ఏడు చూద్దామని చెప్పాము.

పోయిన ఆదివారం సండే స్కూలులో అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయం చెప్పాము. యెరూషలేము వీధుల్లో రోగులను మంచాల మీద తెచ్చి, పేతురు వెళ్లేటప్పుడు ఆయన నీడైనా పడాలని ఆశించిన సంగతి. చివరి వరుసలో చెయ్యి లేచింది. రెండో వరుసకు ఇంకా రాలేదు గాని, చెయ్యి మాత్రం లేచింది.

"అయ్యగారూ, పేతురు నీడతోనే బాగైండ్రా?"

పిల్లలందరూ నవ్వారు. ఈసారి వాడు తల దించుకోలేదు. మేము ఏళ్ల తరబడి ఆ భాగం మీద ప్రసంగాలు చేశాము. జవాబు నోటి దాకా వచ్చింది. అయినా ఆగి, బైబిలు తెరిచి, "నువ్వే చదివి చెప్పు, అట్ల రాసి ఉందా?" అన్నాము. వాడు వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. నీడ పడాలని వాళ్లు ఆశించారని ఉన్నది. వాళ్లందరూ స్వస్థత పొందారని ఉన్నది. నీడ వల్లనే పొందారని మాత్రం ఆ వచనాల్లో లేదు. "నీడ బాగు చేసిందని రాయలే అయ్యగారూ" అన్నాడు వాడు. మేము మళ్లీ చదువుకున్నాము. వాడు చెప్పింది నిజమే.

ఆ పిల్లవాడి కొరకు, పుప్పాలగూడ షెడ్లలో ఉన్న వాడి తల్లిదండ్రుల కొరకు, మా కొరకు ప్రార్థన చేయండి. మీ సంఘంలో చివరి వరుసలో కూర్చునే పిల్లలు ఎవరో ఈ ఆదివారం ఒకసారి చూడండి. వాళ్లు అక్కడికి ఎట్లా చేరారో అడిగి తెలుసుకోండి.

ప్రభువు కృప మీకందరికీ తోడైయుండును గాక. ఆమేన్.